చిలగడదుంప ఎప్పుడు తీపెక్కుతుంది?



ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి విప్పి చదివాక మిగిలినవి కాసేపు పక్కన పెట్టేశాను. రాసినది ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి. తన పేరూ, ఊరూ పత్రికలో వేయవద్దని కోరింది. ఆమె మాటల్లోనే చదవండి:

“మాస్టారూ! శివరాత్రి నాడు మా ఇంట్లో అమ్మా, నాయనమ్మా, పెద్దమ్మా ఉపవాసం ఉంటారు. అమ్మ పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. అయినా మాకూ, తాతయ్యకూ వంట చేస్తుంది. సాయంత్రం గుడి నుంచి వచ్చేవాళ్ళందరికీ మొరంగడ్డలు ఉడకబెడుతుంది. పోయిన ఏడు ఎనిమిది రోజుల ముందే గడ్డలు కొని, పాడవకుండా ఫ్రిజ్‌లో పెట్టాం. ఎంతసేపు ఉడికించినా లోపల రాయిలాగే ఉండిపోయాయి. రెండు మూడు చేదుగా కూడా ఉన్నాయి. అమ్మ రాత్రి తొమ్మిది దాకా పొయ్యి దగ్గరే నిలబడి, చివరికి ఒక అరటిపండు తిని జాగారానికి కూర్చుంది. ఈసారి ముందురోజే నేను ఉడకబెట్టి పెడతానంటే, ‘నిన్న వండింది ఉపవాసానికి పనికి రాదు’ అంటోంది నాయనమ్మ. నేనేం చెయ్యాలి?”

ఇందులో మూడు చిక్కులున్నాయి. దుంప ఎందుకు ఉడకలేదు? ఎందుకు చేదెక్కింది? ముందుగా సిద్ధం చేసుకోవటం కుదురుతుందా, కుదరదా? అమ్మాయి అడిగింది మూడోది మాత్రమే. కాని మొదటి రెండూ తేలితే గాని మూడోది తేలదు.

అసలు ముందుగా పేరు సంగతి చూద్దాం. మొరంగడ్డ అంటే కోస్తా జిల్లాల పిల్లలకు తెలియకపోవచ్చు. అదే మీ చిలగడదుంప. రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు. తెలంగాణలో కందగడ్డ అనేవాళ్ళూ ఉన్నారు, రత్నపురి గడ్డ అనేవాళ్ళూ ఉన్నారు. హిందీలో శకర్‌కంద్, అంటే చక్కెర దుంప. పేరులో కంద ఉంది గదా అని దీన్ని దురదపెట్టే కందతో కలపకండి. బంగాళాదుంపతో కూడా దీనికి చుట్టరికం లేదు. బంగాళాదుంపది వంకాయ, మిరపకాయల కుటుంబం. చిలగడదుంపది తూటికూర కుటుంబం. చెరువులో తూటి పూవును చూసినవాళ్ళు చిలగడ తీగకు పూసిన పూవును చూస్తే చప్పున పోల్చుకుంటారు. అదే గరాటు ఆకారం, అదే లేత ఊదా రంగు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. బంగాళాదుంప మట్టిలో దాక్కున్న కాండం. చిలగడదుంప లావెక్కిన వేరు.

ఈ వేరు పుట్టిల్లు మన దేశం కాదు. అమెరికా ఖండాల్లో ఎండలు కాసే ప్రాంతాలు. 1492లో కొలంబస్ అక్కడికి పోయి వచ్చిన తరువాత అది ఐరోపా చేరింది. మన దేశానికి తెచ్చినవాళ్ళు పోర్చుగీసు వర్తకులు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, ఎక్కడ పుట్టిందో తెలిస్తే దానికి ఏది పడదో కూడా తెలుస్తుంది. ఇది వేడి దేశపు బిడ్డ. దీనికి చలి పడదు.

ఇక మొదటి చిక్కు విడిపోయినట్టే. ఫ్రిజ్ లోపల సుమారు 4 డిగ్రీల చలి ఉంటుంది. చిలగడదుంపకు హాయిగా ఉండేది 13 నుంచి 15 డిగ్రీలు. 10 డిగ్రీలకు దిగువన కొన్ని రోజులు ఉంచితే లోపలి కణాలు దెబ్బ తింటాయి. తవ్వి తీసినంత మాత్రాన దుంప చచ్చిపోదని మరచిపోకండి. గంపలో ఉన్నా అది బతికే ఉంటుంది, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. చలికి దెబ్బ తిన్నదీ లేనిదీ పైకి చూస్తే తెలియదు. కణాన్నీ కణాన్నీ అతికించి ఉంచే జిగురు ఒకటి ఉంది, దాని పేరు పెక్టిన్. మామూలు దుంప ఉడికేటప్పుడు ఈ జిగురు కరిగి, దుంప మెత్తబడుతుంది. చలి తిన్న దుంపలో జిగురు సరిగా కరగదు. నడిమి భాగం బిరుసుగా ఉండిపోతుంది. అప్పుడు కుక్కరు పది కూతలు కూసినా లాభం లేదు.

కాబట్టి అమ్మాయీ, ఎనిమిది రోజుల ముందు కొనటం తెలివైన పనే. దాచిన చోటే కుదరలేదు. పచ్చి దుంప ఫ్రిజ్‌లోకి పోకూడదు. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కూడా పెట్టకూడదు, దాని చెమట దానికే పట్టి కుళ్ళుతుంది. వెదురు గంపలోనో, తట్టలోనో పరిచి, పైన పొడి గోనెపట్టా కప్పి, గాలి ఆడే నీడలో పెట్టాలి. మట్టిని దులపవచ్చు గాని కడగకూడదు. రోజూ ఒకసారి చెయ్యి పెట్టి చూసి, మెత్తబడినది ఒక్కటి కనబడినా తీసేయాలి.

ఎనిమిది రోజులు ఆగటం వల్ల ఒక లాభం కూడా ఉంది. తవ్వేటప్పుడు గునపం తగిలి, గంపలో రాసుకుని దుంప తోలు చాలాచోట్ల గీసుకుపోతుంది. దుంప బతికి ఉంది గనుక, మన మోకాలి గాయానికి పక్కు కట్టినట్టే దానికీ కడుతుంది. ఇందుకు సుమారు 30 డిగ్రీల వెచ్చదనం, గాలిలో బాగా తేమ, నాలుగు నుంచి ఏడు రోజుల వ్యవధి కావాలి. కొన్ని దేశాల రైతులు దీనికోసం ప్రత్యేకంగా గదులు కట్టి, తవ్విన పంటను అందులో ఉంచిన తరువాతే సంతకు పంపుతారు. పక్కు కట్టిన దుంప నిలవ ఉంటుంది. నిలవ ఉన్న కొద్దీ దానిలోని పిండి కొంత కొంత చక్కెరగా మారుతుంది. నిన్న తవ్విన దుంపకంటే రెండు వారాల కిందట తవ్వినది తియ్యగా ఉండటానికి కారణం ఇదే. పండుగ ముందురోజు సంతలో కొంటే ధర ఎక్కువ, తీపి తక్కువ!

రెండో చిక్కు చేదు. ఇది మొదటిదానికంటే పెద్ద సంగతి, దీన్ని తేలికగా తీసుకోకండి.

చిలగడదుంపకు ఒక శత్రువు ఉంది. చీమంత పురుగు, పొడవు అరంగుళంలో సగం. తలా వెనక భాగమూ నీలినలుపుగా మెరుస్తుంటాయి, నడుమూ కాళ్ళూ ఎర్రగా ఉంటాయి, ముందుకు ఒక పొడుగు ముక్కు సాగి ఉంటుంది. రైతులు ముక్కుపురుగు అంటారు. అది దుంపలో గుడ్లు పెడుతుంది. పొదిగి వచ్చిన పిల్ల పురుగులు లోపల సొరంగాలు తవ్వుకుంటూ తింటాయి. దుంపకు కాళ్ళు లేవు, పారిపోలేదు. అందుకని పురుగు కరిచిన చోట ఒక చేదు పదార్థం తయారు చేసి ఎదురు తిరుగుతుంది. బూజు పట్టినా ఇదే జరుగుతుంది. ఈ చేదు పదార్థాలు మనకు కూడా మంచివి కావు. బూజు పట్టిన చిలగడదుంపలు మేసి, ఊపిరితిత్తులు దెబ్బతిని పశువులు చచ్చిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఉడకబెట్టినా చేదు విరగదు. కనుక పురుగు పట్టిన దుంపను చెడిన మేరకు కోసేసి మిగతాది తిందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు. “గేదెకు పడేద్దాంలే” అనటం కూడా తగదు. గొయ్యి తీసి పూడ్చేయండి.

కొనేటప్పుడే కనిపెట్టవచ్చు. సన్న సన్న చిల్లులు ఉన్నాయేమో చూడాలి. నల్లని మచ్చను బొటనవేలితో నొక్కితే లోపలికి పోతున్నదేమో చూడాలి. వాసన చూడాలి, మంచి దుంపకు మట్టి వాసన తప్ప వేరే వాసన ఉండదు. మరీ లావువి ఏరకండి. అవి పైన చితికిపోయి లోపల పచ్చిగా ఉంటాయి. గుప్పిట్లో పట్టేంత లావు, జానెడు పొడవు ఉన్నవి మేలు. అటువంటిది ఒక్కొక్కటి 150, 200 గ్రాములు తూగుతుంది. ఇంట్లో పన్నెండు మంది తినేవాళ్ళుంటే మనిషికి పావుకిలో చొప్పున 3 కిలోలు, అంటే పదిహేను నుంచి ఇరవై దుంపలు. ఇంకో అరకిలో ఎక్కువే తీసుకోండి, ఏరివేతలో కొన్ని పోతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చిలగడదుంపను ఉడకబెడితే ఏం జరుగుతుంది?

పచ్చి దుంప ముక్క ఒకటి కొరికి చూడండి. కొద్దిగా తీపి ఉంటుంది. ఉడికిన దుంప దానికి ఎన్నోరెట్లు తీపి. మనం చక్కెర వెయ్యలేదు గదా, ఎక్కడి నుంచి వచ్చింది? తరగతిలో నేను ఈ ప్రశ్న వేసినప్పుడు ఎవరో ఒకరు “నీళ్ళు ఇగిరిపోయి తీపి చిక్కబడిందండీ” అనేవారు. ఆలోచించి చెప్పిన జవాబే. కాని ఆవిరి మీద ఉడికిన దుంప బరువు తూచి చూస్తే పెద్దగా తగ్గదు. మరి?

దీనికి జవాబు మీ నోట్లోనే ఉంది. వట్టి అన్నం ఒక ముద్ద తీసుకుని, మింగకుండా రెండు నిమిషాలు నమలండి. మెల్లగా తీపి తగులుతుంది. అన్నంలోని పిండిని లాలాజలం చక్కెరగా తుంచుతున్నదన్నమాట. పిండి అంటే ఒక పొడుగాటి పూసల దండ. పూస ఒక్కొక్కటీ చక్కెరే గాని, దండగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తెలియదు. దండను తుంచే కత్తెర లాంటిది లాలాజలంలో ఉంది. ఇటువంటి కత్తెరలను ఎంజైములు అంటారు. చిలగడదుంప తన కత్తెరను తనలోనే, చాలా ఎక్కువగా దాచుకుని ఉంటుంది. అది దండ కొసనుంచి రెండేసి పూసలు తుంచుతూ పోతుంది. ఆ రెండు పూసల చక్కెర పేరు మాల్టోస్.

మరి కత్తెర లోపలే ఉంటే పచ్చి దుంపే ఎందుకు తియ్యగా ఉండదు? పచ్చిగా ఉన్నప్పుడు పూసల దండలు గట్టిగా చుట్టిన ఉండల్లా ఉంటాయి. కత్తెర వాటిలో దూరలేదు. వేడి 60 డిగ్రీలు దాటాక ఆ ఉండలు నీరు పీల్చుకుని ఉబ్బి విడిపోతాయి, గంజి కాచేటప్పుడు పిండి చిక్కబడినట్టు. అప్పుడు కత్తెరకు పని దొరుకుతుంది. కాని వేడి ఇంకా పెరిగి 80 డిగ్రీలు దాటితే కత్తెర చెడిపోతుంది. మళ్ళీ చల్లార్చినా బాగుపడదు. అంటే 60కీ 80కీ మధ్య దుంప ఎంతసేపు గడిపితే అంత తీపి. ఆ మెట్టు మీదుగా పరుగెత్తిస్తే చప్పన, నిదానంగా నడిపిస్తే తీపి.

ఇది తెలిశాక మన పెద్దవాళ్ళ పద్ధతులు చూస్తే ముచ్చట వేస్తుంది. కుండలో దుంపలు పేర్చి, మూతి గడ్డితో మూసి, బోర్లించి, చుట్టూ మంట వేసి, అది ఆరిన తరువాత కూడా చాలాసేపు కదపకుండా వదిలేసేవారు. తేగలను కూడా ఇలాగే కాలుస్తారు. తంపటి వేయటం అంటారు. రాత్రి పొయ్యిలో బూడిద కింద దుంప కప్పిపెట్టి పొద్దున్నే తీసుకు తినేవాళ్ళు. నిదానపు వేడి, తీపి దుంప! వాళ్ళకు 60 డిగ్రీల లెక్క తెలియదు, నాలుకకు తెలుసు.

కుక్కరు సంగతి అడుగుతారని నాకు తెలుసు. కుక్కరులో వేడి తొందరగా నూరు దాటిపోతుంది. దుంప ఉడుకుతుంది, కట్టెలు, గ్యాసు కలిసివస్తాయి, తీపి కొంత తగ్గుతుంది. పొద్దుపోయి వచ్చి వండుకునేవాళ్ళకు కుక్కరు దేవుడిచ్చిన వరం, నేను కాదనను. పండుగ నాటికి మాత్రం నా ఓటు ఆవిరి పాత్రకే.

ఇక నాయనమ్మ మాట. పూజా నియమాలు చెప్పగల పండితుణ్ణి కాను నేను. వాటి జోలికి పోను, నువ్వు కూడా ఆమెతో వాదానికి దిగకు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో నిన్న వండిన దుంప ఇవాళ సాయంత్రానికి జిగురు సాగి, పులిసిన వాసన కొట్టేది. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులో అటువంటిది పడితే ఏమవుతుంది? ఆమె మాట వెనుక ఈ జాగ్రత్త కూడా ఉంది.

అయితే ఆమె ఏమన్నదో సరిగా చూడు. “నిన్న వండింది పనికి రాదు” అన్నది. నిన్న కడిగింది పనికి రాదనలేదు. నిన్న ఏరింది పనికి రాదనలేదు. వంటలో పొయ్యి వెలిగించేది ఒక భాగం, తక్కినదంతా దానికి ముందు పని. మూడు కిలోల దుంపలు ఏరి, నానేసి, తోమి, తుడిచి, సైజుల వారీగా పెట్టేసరికి ఒక గంట సునాయాసంగా పడుతుంది. పాత్ర వెతకటం, చిల్లుల పళ్ళెం వెతకటం, గ్యాసు ఉన్నదో లేదో చూడటం ఇంకో అరగంట. ఇదంతా ముందురోజు నీ చేతిలో పని. మీ అమ్మ వంతు వచ్చేది ఆఖరి గంట మాత్రమే.

ముందురోజు సాయంత్రం దుంపల్ని పావుగంట నీళ్ళలో వెయ్యి. మట్టి నానాక కొబ్బరి పీచుతో తోము. తొక్క గీసుకుపోయేట్టు రుద్దకు. పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టు. కడిగిన దుంప ఒక రాత్రికి ఏమీ కాదు. కొసలు కొయ్యకు, ముక్కలు అసలే కొయ్యకు. ఎందుకంటావా? కోసిన చోట తెల్లటి పాలు కారి చేతికి అంటుకుంటాయి, అవి నల్లని జిడ్డుగా మారి రెండు రోజుల దాకా వదలవు. కోసిన ముఖం కూడా గాలి తగిలి వంకాయ ముక్కలాగే నల్లబడుతుంది. ఇనప కత్తి, ఇనప మూకుడు అయితే మరీను. నల్లబడకుండా నీళ్ళలో వేస్తావనుకో, తీపి నీళ్ళలోకి దిగుతుంది. (పులుసులోకి, వేపుడులోకి ముక్కలు కోసి పెట్టుకోక తప్పనివాళ్ళు మునిగేట్టు నీళ్ళు పోసి, వండే ముందే వంచెయ్యాలి. గంటల కొద్దీ నానబెట్టకూడదు.) సన్నవి ఒకవైపు, లావువి ఒకవైపు వేరుచేసి పెట్టు. లావువి అడుగున, సన్నవి పైన పేర్చితే అన్నీ ఒకేసారి దిగుతాయి, సన్నవాటిని ముందుగా తీసెయ్యటానికి కూడా వీలు.

పండుగ నాడు నాలుగు గంటలకు పాత్రలో రెండంగుళాల ఎత్తు చన్నీళ్ళు పోసి, పైన చిల్లుల పళ్ళెం పెట్టి, దుంపలు పేర్చి, మూత పెట్టి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. మరిగే నీళ్ళమీద పెట్టకూడదు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. మంట సన్నగా ఉంచితే నీళ్ళు మరగటానికి ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలు తీసుకుంటాయి. ఆ నిదానమే మనకు కావలసింది. ఆవిరి గట్టిగా వచ్చాక ఇంకో ముప్పయి అయిదు, నలభై నిమిషాలు. నీళ్ళు ఇగిరిపోకుండా ఒక కన్ను వేసి ఉంచాలి. శుభ్రమైన పుల్లతో లావుపాటి దుంపను గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. దిగితే వెంటనే తీసి వెడల్పాటి పళ్ళెంలో విడివిడిగా పరిచి పొగలు పోనివ్వాలి. వేడి మీద మూత పెడితే మూతకు పట్టిన నీరు కారి దుంపలు నీరుకారిపోతాయి. తినేవరకూ తొక్క తియ్యకండి. అంతకంటే మంచి మూత మనం చెయ్యలేం.

ఒక్క మాట. మూత తీసేది, పాత్ర దించేది పెద్దవాళ్ళు. ఆవిరి నీళ్ళకంటే ఘోరంగా కాలుస్తుంది. మూతను నీ వైపు కాక అవతలి వైపుకు వంచి తియ్యాలని పెద్దవాళ్ళకు కూడా గుర్తు చెయ్యి. పెద్దవాళ్ళంటే మీ అమ్మే కానక్కరలేదు. మీ నాన్న ఉన్నాడు, ఉంటే అన్నయ్య ఉన్నాడు. ఉపవాసం లేనివాళ్ళకు ఉపవాసం ఉన్నవాళ్ళే వండి పెట్టాలనే నియమం ఏ శాస్త్రంలోనూ నా కంట పడలేదు! ఆనాటి మధ్యాహ్నం అన్నం, పప్పు మీ నాన్న చూసుకుంటే బాగుంటుందని నేను అన్నానని చెప్పు. కోపం వస్తే నాకు ఉత్తరం రాయమను.

అయిదున్నరకు దుంపలు సిద్ధం. గుడి నుంచి ఏడు గంటలకు వచ్చినా అవి బాగానే ఉంటాయి. వండిన దుంపను బయట రెండు గంటలకు మించి ఉంచకపోవటం మంచిది. ఇంకా ఆలస్యమయ్యేట్టుంటే పొయ్యి ఒక గంట ఆలస్యంగా వెలిగించండి. తినే ముందు పది నిమిషాలు ఆవిరి చూపిస్తే మళ్ళీ వేడెక్కుతాయి. బెల్లం, యాలకులు కావాలనుకునేవాళ్ళు బెల్లం తరిగి, యాలకులు దంచి ముందురోజే డబ్బాలో పెట్టుకోవచ్చు.

రోజంతా పస్తున్నవాళ్ళు ముందుగా మంచినీళ్ళు తాగి, ఒక దుంప నిదానంగా తిని, కాసేపాగి రెండోది తీసుకుంటే కడుపు ఉబ్బరించదు. తాతయ్యకు చక్కెర జబ్బు ఉంటే ఎంత తినాలో ఆయన డాక్టరును అడగాలి. నిప్పుల మీద కాల్చినదానికంటే ఉడికించినది రక్తంలో చక్కెరను నిదానంగా పెంచుతుంది గనుక ఆయన వాటా ఉడికించినదే కావాలి.

నిన్న వండినది తినకూడదనే పట్టింపు లేని ఇళ్ళు, లేదా సంక్రాంతికి చుట్టాలు దిగే ఇళ్ళు ఉంటాయి గదా. వాళ్ళు ఒకటి రెండు రోజుల ముందే ఉడికించి పెట్టుకోవచ్చు. ఇక్కడ ఫ్రిజ్ మనకు స్నేహితుడే. పచ్చి దుంప బతికి ఉన్నది, దానికి చలి పడదు. ఉడికిన దుంపలో ప్రాణం లేదు, దానికి చలి ఏమీ చెయ్యదు. పైగా దాన్ని పాడుచేసే సూక్ష్మజీవులకు చలి పడదు. ఆవిరి పోయి చల్లారగానే, రెండు గంటల లోపల, తొక్కతోనే మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు ఉంటాయి. పూర్ణం కోసం చిదిమి పెట్టుకునేవాళ్ళు రెండో రోజుకు వాడేయాలి. చల్లబడ్డ దుంప కొంచెం బిరుసెక్కితే కంగారుపడకండి. విడిపోయిన పూసల దండలు చలికి మళ్ళీ దగ్గరికి చేరతాయి, అంతే. ఆవిరి చూపిస్తే మెత్తబడుతుంది.

దుంపల గొడవలో ఒక మాస్టారి కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1732లో జపాను దేశపు పడమటి ప్రాంతాల్లో వరి పంట పోయి గొప్ప కరువు వచ్చింది. దక్షిణాన సత్సుమా అనే ప్రాంతంలో అప్పటికే చిలగడదుంప పండుతున్నది. వరి పోయినా మట్టిలో దుంప మిగిలింది. ఇది చూసి ఆఒకి కొన్‌యో అనే పండితుడు, ఈ పంటను దేశమంతటా వేయించాలని పుస్తకం రాశాడు. అప్పటి పాలకుడు యోషిమునే ఆయనకు అనుమతి ఇచ్చాడు. 1735లో రాజధాని ఎదోలో, అంటే ఈనాటి టోక్యోలో, ఆయన ప్రయోగంగా దుంపలు నాటి పండించాడు. ఆ తరువాత తూర్పు ప్రాంతాలకు కూడా పంట పాకింది. జపాను ప్రజలు ఆయన్ను “కన్‌షో సెన్‌సెయ్” అన్నారు. అంటే చిలగడదుంపల మాస్టారు! ముప్పయి ఏళ్ళు పాఠాలు చెప్పినా నాకు ఇంత మంచి బిరుదు రాలేదు.

ఈ కాలంలో కూడా ఇటువంటి మాస్టార్లు ఉన్నారు. లోపల నారింజ రంగు ఉండే చిలగడదుంపలో మన ఒంట్లో ఎ విటమినుగా మారే పదార్థం దండిగా ఉంటుంది. ఎ విటమిను చాలకపోతే పిల్లలకు రేచీకటి వస్తుంది. ఆఫ్రికాలో ఈ నారింజ దుంపను పల్లెపల్లెకూ చేర్చినందుకు మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురికీ, వారితోపాటు హోవర్త్ బూయిస్‌కూ 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మన దేశంలో దుంపల మీదనే పరిశోధన చేసే సంస్థ ఒకటి తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో ఉంది. 1963లో మొదలయింది. భూసోనా అనే నారింజ రంగు రకం, భూకృష్ణ అనే ఊదా రంగు రకం ఆ సంస్థవే. తెల్ల దుంపలో ఎ విటమిను దాదాపు ఉండదు. కనుక సంతలో నారింజది కనబడితే తీసుకోండి.

చివరగా ఈ నెల ప్రయోగం. ఒకే దుంపను రెండుగా కొయ్యండి. ఒక సగాన్ని అలాగే ఉంచి, చన్నీళ్ళ పాత్ర మీద పెట్టి సన్నమంటతో నిదానంగా ఉడికించండి. రెండో సగాన్ని పల్చని బిళ్ళలుగా తరిగి, ఆవిరి బుసలు కొడుతున్నప్పుడు పాత్రలో పెట్టి, మెత్తబడగానే తియ్యండి. రెండూ ఆవిరిలోనే ఉడకాలి. ఒకటి నీళ్ళలో వేస్తే, నీళ్ళలోకి పోయిన తీపి ఎంతో తెలియక లెక్క తప్పుతుంది. రెండింటినీ చల్లార్చి, ఒకే సైజు ముక్కలు చేసి, అయిదుగురికి కళ్ళు మూసి పెట్టండి. సగంమందికి ముందు ఇది, సగంమందికి ముందు అది. ఏది తీపో ఎవరికి వారు కాగితం మీద రాసేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. దుంప బరువు, రంగు, ఉడికిన నిమిషాలు, అయిదుగురి జవాబులు కార్డు మీద రాసి పంపండి. ఎవరికీ తేడా తెలియలేదనుకోండి, అది కూడా ఉన్నది ఉన్నట్టు రాయండి.